కలపశాస్త్రం – స్త్రీలు: ప్రయోగశాల నుంచి పొయ్యి దాకా

(సైన్సు చదువుతున్న అమ్మాయిలకూ మహిళా కార్యకర్తలకూ జరిగిన శిక్షణ శిబిరంలో, పదవీ విరమణ చేసిన ఒక కలపశాస్త్రవేత్త ప్రసంగ పాఠం.)



నిన్నటి నుంచీ మీరు గృహహింస చట్టం గురించీ, ఆస్తిహక్కు గురించీ, ఉపాధి కూలీ గురించీ మాట్లాడుకుంటున్నారు. వాటి మధ్య కర్రల గురించి మాట్లాడడానికి నన్నెందుకు పిలిచారా అని నాకే అనుమానం వచ్చింది. పిలిచిన మిత్రురాలిని అడిగితే, "మన పిల్లలకి డాక్టరూ టీచరూ కంప్యూటరూ తప్ప ఇంకో చదువుందని తెలీదు, అది చెప్పండి చాలు" అంది. అది చెబుతాను. దానితోపాటు, ఆ చదువు చదివి నేను అడగకుండా వదిలేసిన ఒక ప్రశ్న గురించి కూడా చెప్పాలి. ఈ రెండోదే నేను ముఖ్యంగా చెప్పాలని వచ్చాను.

ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం పూర్తిచేసి కలప మీద పరిశోధనకి పోతున్నానంటే మా అమ్మమ్మ నవ్వింది. "కట్టెల గురించి చదువుకోడానికి అంత దూరం పోవాలేమే? నన్నడిగితే చెప్పనా?" అంది. చెప్పగలదు కూడా. సరుగుడు సన్నంగా ఉన్నా గట్టిగా మండుతుందనీ, తుమ్మ నిప్పు చాలాసేపు నిలుస్తుందనీ, మునగకట్టె మోసిన కష్టానికి కూడా రాదనీ ఆవిడకి తెలుసు. తరవాత ప్రయోగశాలలో నేను నేర్చుకున్నది ఏమిటంటే, పూర్తిగా ఎండితే కిలో లెక్కన ఏ కర్రయినా దాదాపు 4,500 కిలోకాలరీల చుట్టూనే వేడినిస్తుంది. తేడా సాంద్రతలో ఉంది. సరుగుడు దట్టం, మునగ గుల్ల. అమ్మమ్మ చేతికొలతతో చెప్పింది, మేం కాటాతో చెప్పాం.

అయితే ఈ లెక్కలోనే ఇంకో సంగతి ఉంది. పచ్చి కర్ర బరువులో సగం దాకా నీళ్లే ఉండొచ్చు. ముప్పై కిలోల పచ్చికట్టెల మోపు నెత్తిన పెట్టుకున్న మనిషి పదిహేను కిలోల నీళ్లు మోస్తోందన్నమాట. ఇంటికి తెచ్చాక ఆ నీటిని ఆవిరి చేయడానికి మళ్లీ అవే కట్టెలు ఖర్చవుతాయి, పొగ ఎక్కువవుతుంది, ఆ పొగ పీల్చేదీ ఆ మనిషే. ఎండుపుల్లలు ఏరుకోవాలని ఆడవాళ్లకి తెలియదనుకోకండి. ఎండువి దొరక్క, గార్డు భయానికి తొందరలో చేతికందింది విరుచుకొస్తారు. మా శాస్త్రంలో తేమ శాతాన్ని ఎండిన కర్ర బరువు మీద లెక్క కడతారు కాబట్టి అది నూరు కూడా దాటుతుంది. విద్యార్థులు మొదటి రోజు తప్పకుండా తికమకపడే విషయం ఇది. నూరు శాతం అంటే కర్ర ఎంతో నీళ్లూ అంతే అని అర్థం. నేనూ తికమకపడ్డాను. కానీ ఆ లెక్కని మోపుతో కలిపి చూడాలని మాకు పాఠం చెప్పినవాళ్లెవరికీ తోచలేదు. కోత మిల్లులో పలక వంకర పోకుండా ఎలా ఆరబెట్టాలన్నదే అక్కడ పాఠం.

కలపశాస్త్రం అంటే ఏమిటో టూకీగా చెప్పేస్తాను. కర్రని పల్చగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి జాతి చెప్పడం ఒక పని. తడి ఆరేటప్పుడు కర్ర ఎటు ఎంత కుంచించుకుపోతుందో కొలవడం ఒకటి. నిలువునా దాదాపు కుంచించుకోదు, అడ్డంగా కుంచించుకుంటుంది, వలయాల వెంట అన్నిటికంటే ఎక్కువ. తలుపులు వానాకాలం బిగుసుకుపోవడానికి కారణం ఇదే. చెదలూ బూజూ పట్టకుండా మందు ఎక్కించడం, ప్లైవుడ్డూ జిగుర్లూ, కాగితం గుజ్జూ, ఇవన్నీ మిగతా శాఖలు. మనం 'చేవ' అంటాం చూడండి, చేవ ఉన్న మనిషి అని పొగుడుతాం. చెట్టులో చేవ అంటే ప్రాణం పోయిన కణాలు. నీళ్లు మోసేదీ, ఆహారం దాచేదీ బయటి తెల్లచెక్క. దాన్ని వడ్రంగి పనికిరాదని చెక్కి పారేస్తాడు. ఇది విని మా క్లాసులో అమ్మాయిలం చాలా నవ్వుకున్నాం. అన్నట్టు, అమ్మాయిలం ముగ్గురమే.

ఈ శాస్త్రం మన దేశంలో ఎవరి అవసరం కోసం పుట్టిందో కూడా చూడాలి. డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధనా సంస్థ 1906లో బ్రిటిష్ వాళ్లు పెట్టింది. వాళ్లకి రైలుపట్టాల కింద వేసే స్లీపర్లు కావాలి, వంతెనలకీ సైన్యానికీ కలప కావాలి. ఏ కర్ర ఎన్నేళ్లు మన్నుతుందన్నది వాళ్ల ప్రశ్న. దానికి వాళ్లు చాలా నిజాయితీగా జవాబు వెతికారు, ఆ పని విలువైనదే. కానీ ఆ ప్రశ్నలో పొయ్యి లేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం రాలేదు. అటవీ శాఖ పెద్ద ఉద్యోగాల్లోకి, అంటే ఐఎఫ్ఎస్‌లోకి, స్త్రీలు మొదటిసారి వచ్చింది 1980 బ్యాచ్‌తో. అంతవరకూ అడవి గురించిన నిర్ణయాల్లో, కట్టెలు మోసేవాళ్ల వైపు నుంచి మాట్లాడగల మనిషి ఆ బల్ల దగ్గర లేదు. స్త్రీ అయినంత మాత్రాన మాట్లాడుతుందని కూడా కాదు లెండి. నా సంగతే చెబుతాను.

ఉద్యోగం ఇంటర్వ్యూలో నన్నడిగిన మొదటి ప్రశ్న సైన్సుది కాదు. "చీర కట్టుకుని రంపం మిషను ముందు ఎలా నిలబడతావమ్మా?" అన్నారు. బయట మిషను మీద పనిచేస్తున్న మేస్త్రీ పంచె కట్టుకున్నాడు, ఆయన్ని అడిగారా అని నాకు నోటి దాకా వచ్చింది. ఉద్యోగం కావాలి కాబట్టి మింగేశాను. 1948 ఫ్యాక్టరీల చట్టంలో, నడుస్తున్న యంత్రాన్ని శుభ్రం చేయడానికీ నూనె వేయడానికీ స్త్రీలని పెట్టకూడదని 22వ సెక్షన్‌లో ఉండేది. మాది ఫ్యాక్టరీ కాదు, అయినా ఆ చట్టాన్నే మాకు చూపించేవారు. యంత్రానికి కాపుదల కట్టడం కంటే ఆడదాన్ని దూరంగా ఉంచడం సులువు కదా! దాంతో మమ్మల్ని స్లైడ్లు తయారుచేసే గదిలో కూర్చోబెట్టారు. ఓపిక, సన్నని పని, ఆడవాళ్లకి బాగా సరిపోతుందన్నారు. ప్రమోషన్ల దగ్గరికి వచ్చేసరికి, "ఫీల్డు అనుభవం ఎంత?" అన్నారు.

ఇది మన ఒక్క దేశం కథ కాదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్ ఊళ్లో 1910లో ప్రభుత్వ కలప పరిశోధనాలయం తెరిచినప్పుడు ఎలోయిస్ జెరీ అనే ఆమె చేరింది. వాళ్లు కోరి తీసుకోలేదు, ఆ పనికి వచ్చే మగవాడు దొరక్క తీసుకున్నారని ఆమే చెప్పుకుంది. చేరింది సూక్ష్మదర్శిని పనికే. కానీ ఆమె ఆ గదిలో కూర్చోలేదు. దక్షిణాది పైన్ అడవుల్లోకి వెళ్లి, టర్పెంటైన్ కోసం చెట్టుకి పెట్టే గాట్ల దగ్గర కణాల్లో ఏం జరుగుతోందో చూసింది. గాయం చిన్నదిగా, పద్ధతిగా పెడితే చెట్టూ బతుకుతుంది, జిగురూ తగ్గదని తేల్చింది. 1954 దాకా అక్కడే పనిచేసింది. నేను ఆమె గురించి చదివినప్పుడు ఎంతో గర్వపడ్డాను. తరవాత ఇంకో సంగతి చదివాను. ఆ టర్పెంటైన్ తోటల్లో గాట్లు పెట్టిన కూలీల్లో ఎక్కువమంది నల్లజాతి వాళ్లు. అప్పుల కింద కట్టుబడి, పారిపోతే పట్టి తెచ్చే వెట్టిలాంటి బతుకు వాళ్లది. చెట్టు గాయం మీద ప్రయోగశాల ఎన్నో పుటలు రాసింది. మనిషి సంగతి దాని పరిధిలోకి రాలేదు. జెరీని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. అదే తప్పు నేనూ చేశాను కాబట్టి చెబుతున్నాను.

కర్రకి పట్టించే మందుల్లో ప్రపంచమంతా వాడినది ఒకటుంది. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు. ఆర్సెనిక్ అంటే మనవాళ్లు పాషాణం అంటారే, అదే. రాగి బూజుని ఆపుతుంది, పాషాణం పురుగుల్ని చంపుతుంది, క్రోమియం ఆ రెంటినీ కర్రలో కదలకుండా పట్టి ఉంచుతుంది. 1933లో డెహ్రాడూన్‌లో దీన్ని కనిపెట్టింది సొంఠి కామేశం అనే ఇంజనీరు. ఇంటిపేరు వింటేనే మీకు తెలుస్తుంది. స్తంభాలకీ కంచెలకీ ఇళ్లకీ, ఖండాలు దాటి వాడారు. గొప్ప ఆవిష్కరణే, సందేహం లేదు. ఆ మందు ఎక్కిన కర్ర లేత ఆకుపచ్చగా ఉంటుంది.

సముద్రంలో కర్రకి పెద్ద శత్రువు ఓడపురుగు. పేరుకే పురుగు, నిజానికి ఆల్చిప్ప జాతిది. పైకి చిన్న రంధ్రం కనిపిస్తుంది, లోపల తెప్ప దుంగంతా జల్లెడ అయిపోతుంది. మత్స్యకారుడికి అది అప్పు మీద అప్పు. మందు పట్టించిన దుంగలు ఎన్నేళ్లు ఆగుతాయో చూడడం మా పని. 'ఫీల్డు అనుభవం' కోసం నేను పోరాడి పోరాడి ఆ జట్టులో చేరాను. ఆడది తెప్ప ఎక్కకూడదని ఊరివాళ్లంటే, అదే సాకుగా మా పైవాళ్లు నన్ను ఒడ్డునే ఉండమన్నారు. మగవాళ్లు సముద్రంలోకి పోతే నేను ఒడ్డున విరిగిన ముక్కలు కొలుస్తూ కూర్చునేదాన్ని. ఒకరకంగా అదే మంచిదైంది. ఒడ్డున ఉన్నది ఆడవాళ్లే కాబట్టి.

ఒక పెద్దావిడ నా పక్కన చతికిలబడి, చేతిలో పచ్చకర్ర ముక్క పట్టుకుని అడిగింది: "ఇందులో ఏటి కలిపినారమ్మా? పొయ్యిలో ఎడితే పొగ ఘాటుగా ఉంటంది. మా కోడలు దగ్గి దగ్గి సస్తంది."

నా దగ్గర జవాబు లేదు. అంటే, ఒక్క నిమిషం ఆలోచిస్తే తెలిసే జవాబే. పాషాణం కాలి మాయమైపోదు. కొంత పొగతో పోతుంది, మిగిలింది బూడిదలో ఉంటుంది. కర్రలో నిలకడగా ఉన్న క్రోమియం కూడా మంటలో ప్రమాదకరమైన రూపంలోకి తిరిగి మారగలదు. ఇదంతా రసాయనశాస్త్రం చదివినవాళ్లెవరికైనా తెలిసేదే. కానీ అంతవరకూ విరిగిన దుంగ ఎక్కడికి పోతుందని నేను అడగలేదు. మా నివేదికలో ఒక గడి ఉండేది: 'నమూనా పాడై తొలగింపు' అని. తొలగించి ఎక్కడ పడేశారు? ఒడ్డున పడేశాం. కట్టెలు కొనుక్కోలేని ఊళ్లో ఒడ్డున పడేసిన కర్ర ఎక్కడికి పోతుంది?

"పొయ్యిలో పెట్టకమ్మా, విషం" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మరి కట్టెలు నువ్విత్తావా?" అంది. అని ఊరుకోకుండా ఇంకోటి అడిగింది. "ఆ బూడిదతోనే గదా గిన్నెలు తోముకుంటన్నాం, అది?"

నేను బూడిద గురించి అసలు ఆలోచించనేలేదు. అమ్మమ్మ ఇంట్లో నేనూ బూడిదతో గిన్నెలు తోమినదాన్నే. కచ్చికతో పళ్లు తోముకున్నదాన్నే. డిగ్రీలు వచ్చాక అది నా బుర్రలోంచి ఎలా పోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తిరిగి వచ్చాక ఒక నోటు రాశాను. పాడైన దుంగలన్నీ లెక్కపెట్టి వెనక్కి తేవాలని, కాల్చకూడదని తెలుగులో కరపత్రం వెయ్యాలని. మా పని మన్నిక చూడడం, వాడకందార్ల వంటగది మా పరిధి కాదని జవాబొచ్చింది. రెండోసారి రాయలేదు. నా ప్రమోషను ఫైలు అప్పుడే కదులుతోంది. ఆ తరవాతి ట్రిప్పుల్లో మేం వేసిన ముక్కలు నా చేతనైనన్ని ఏరి జీపులో వేసుకొచ్చేదాన్ని, అంతే. డ్రైవరు నవ్వేవాడు. ఆ ఊళ్లో అప్పటికే ఎన్ని ముక్కలు పొయ్యిల్లోకి పోయాయో ఎవరూ లెక్కపెట్టలేదు, ఎవరి వెంట్రుకా గోరూ పరీక్షకి పంపలేదు. ఆ కోడలు దగ్గు మామూలు పొగదో, దీనిదో నాకు తెలియదు. తెలుసుకునే అవకాశం నాకు ఉండి కూడా తెలుసుకోలేదు.

చాలా ఏళ్ల తరవాత తెలిసింది, ఈ సంగతి వైద్య పత్రికల్లో 1984లోనే అచ్చయిందని. అదే విస్కాన్సిన్ రాష్ట్రంలో, మాడిసన్ ప్రయోగశాల ఉన్న రాష్ట్రంలోనే, ఒక పల్లె కుటుంబం చలికాలం ఇంట్లో ఈ పచ్చకర్ర ముక్కలు కాల్చుకుంది. జుట్టు రాలిపోయింది, దద్దుర్లు వచ్చాయి, స్పృహ తప్పేవాళ్లు. ఏళ్ల తరబడి కారణం తెలియలేదు. మా లైబ్రరీకి కలప పత్రికలు వచ్చేవి, వైద్య పత్రికలు వచ్చేవి కావు. అమెరికాలో 2003 చివరికి కంపెనీలే ఇళ్ల వాడకానికి ఈ మందు పట్టించడం మానుకున్నాయి. అక్కడ కూడా ఆ కర్ర కాల్చొద్దని జనానికి చెప్పాల్సి వచ్చింది.

మీలో తీరప్రాంతంలో, బస్తీల్లో పనిచేసేవాళ్లున్నారు. పాత స్తంభాలు, కూల్చిన కట్టడాల కర్ర కట్టెల అడితికి ఎలా వస్తున్నాయో చూడండి. రంగువేసిన కర్ర, ప్లైవుడ్ ముక్కలు పొయ్యిలో పెడుతుంటే అడగండి. ప్లైవుడ్‌లో ఎక్కువగా వాడే జిగురుకి మూలం ఫార్మాల్డిహైడ్. అది మనిషికి కేన్సర్ కలిగించేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధనా విభాగం 2004లో తేల్చింది. కర్రపొడి గురించి ఇంకా ముందే, 1995లోనే తేల్చింది. ముక్కులో, ముక్కు చుట్టూ ఉండే గదుల్లో వచ్చే కేన్సర్‌కి అది కారణమని. మరి మన దగ్గర ఆ పొడి ఎవరు పీలుస్తున్నారు? కొండపల్లిలో తెల్లపొణికి బొమ్మ చెక్కి, ఆకురాయితో రుద్ది, రంగులేసే ఇళ్లు చూడండి. పని ఇంట్లోనే, అన్నం తినేదీ పిల్లలు పడుకునేదీ అక్కడే. ఏటికొప్పాకలో అంకుడు కర్ర తిప్పే లేతుల దగ్గరా పొడే. బొమ్మ చేసినవాడు కళాకారుడు, భార్య 'సాయం చేస్తుంది'. కార్మికురాలిగా లెక్కలోకి రాని మనిషి పీల్చే పొడిని ఎవరు కొలుస్తారు? ఒక అమ్మాయి ఒక ఎమ్మెస్సీ ప్రాజెక్టులో కొలవగల సంగతి ఇది. గాలి పీల్చే చిన్న పంపు, వడపోత కాగితం, సన్నని కాటా ఉంటే చాలు.

ఎర్రచందనం గురించి కూడా ఒక్క మాట. శేషాచలం అడవుల్లో 2015 ఏప్రిల్ 7న తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. హక్కుల సంఘాలు అడిగిన ప్రశ్నలు మీకు తెలుసు. ఇలాంటి కేసుల్లో పట్టుకున్న దుంగ నిజంగా ఏ జాతిదో చెప్పాల్సింది కలప నిపుణులు. ఎర్రచందనానికీ వేగిసకీ, రెండూ ఒకే ప్రజాతి కాబట్టి, కణాల నిర్మాణం దగ్గరగా ఉంటుంది. ముక్క చిన్నదైతే చాలా జాగ్రత్తగా చూడాలి. తొందరపడి సంతకం పెడితే దాని వెనక ఒక కూలీ జైలు ఉంటుంది. ఈ పనికి మనుషులు తక్కువ. ఇంతకు మించి దీని గురించి మాట్లాడే అర్హత నాకు లేదు.

ఇక చదువు. మన దగ్గర ఫారెస్ట్రీలో బీఎస్సీకి తెలంగాణలో ములుగు దగ్గర, సిద్దిపేట జిల్లా ములుగు, వరంగల్ వైపుది కాదు, 2016లో కాలేజీ పెట్టారు. కలపశాస్త్రంలోనే ఎమ్మెస్సీ కావాలంటే డెహ్రాడూన్. ఆ సంస్థకి 1991లో డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. భౌతిక, రసాయన శాస్త్రాలతో డిగ్రీ చేసినవాళ్లు కూడా ఇందులోకి రావొచ్చు, అర్హతలు ఏటా ప్రకటనలో చూసుకోండి. బెంగళూరులో కలప పరిశోధనా సంస్థ ఉంది. అక్కడా ఇతర సంస్థల్లోనూ ప్రాజెక్టు ఫెలోగా చేరడం మామూలు దారి. ప్రాజెక్టు ఫెలో అంటే ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉద్యోగం, ఇది దాచకుండా చెబుతున్నాను. చేరేముందు ప్రసూతి సెలవు సంగతి కాగితం మీద అడగండి. సిగ్గుపడొద్దు. నాతో పనిచేసిన అమ్మాయి ఒకరు ఏడో నెల దాకా దాచుకుని జిగుర్ల గదిలో పనిచేసింది. కాగితం మిల్లుల్లో, సారపాకలో గానీ రాజమండ్రిలో గానీ, ప్రయోగశాలలున్నాయి. ప్లైవుడ్ ఫ్యాక్టరీల్లో నాణ్యత చూసే ఉద్యోగాలున్నాయి. ఫీల్డుకి పంపమని రాతపూర్వకంగా అడగండి, పంపకపోతే ఎందుకు పంపలేదో రాతపూర్వకంగానే అడగండి. మరుగుదొడ్డి లేదన్నది వాళ్ల లోటు, మీ అనర్హత కాదు. నేను ఇవేవీ అడగలేదు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పోయిన సంక్రాంతికి ఆ తీరం వైపు వెళ్లాను. ఇప్పుడు ఎక్కువగా ఫైబర్ పడవలే. ఆ పెద్దావిడ లేదు. ఇంటి ముందు పాత దుంగ ఒకటి అరుగులా వేసి ఉంది, రంగు వెలిసి బూడిద రంగుకి తిరిగింది. చివర చిన్న ముక్క కోసి తెచ్చాను. దానితోపాటు తుమ్మ, సరుగుడు, మునగ, అంకుడు, తెల్లపొణికి ముక్కలూ, రెండు భూతద్దాలూ ఆ బల్ల మీద పెట్టాను. టీ తాగాక రండి, చూద్దురుగాని. ఆ వెలిసిన ముక్కని మాత్రం ముట్టుకుంటే చేతులు కడుక్కోండి. వెళ్లేటప్పుడు దాన్ని నేనే తిరిగి తీసుకెళతాను.